సూదిమొన మీద కెమెరా కన్ను

తెరమీద ఒక స్త్రీ బల్ల ముందు కూర్చుని ఉంటుంది. ఆమె చేతిలో రెండు గుడ్డముక్కలు ఉంటాయి. ఒకటి లేత నీలం, మరొకటి పసుపు. వాటిని ముఖాముఖిగా చేర్చి కుట్టుమిషను సూది కిందికి తోస్తుంది. నాలుగు అంగుళాలు కుట్టి, తక్కినది కూడా ఇలాగేనని చెప్పి ఆ ముక్కను పక్కకు జరుపుతుంది. మరుక్షణం ఆమె చేతిలో పూర్తయిన చదరం కనబడుతుంది. మరి కొంతసేపటికి అటువంటి చదరాలు తొమ్మిది, వరసలుగా అతికినవి, బల్లమీద పరచుకొంటాయి. అరగంట ముగిసేసరికి ఆమె వెనుక గోడమీద మంచమంత బొంత నిండుగా వేలాడుతూ ఉంటుంది. చూస్తున్న గృహిణికి ఆశ పుడుతుంది. "ఇంతేనా! ఈ మాత్రం నేనూ చేయగలను" అనుకొంటుంది.

ఆ ఆశను పుట్టించడమే ఆ కార్యక్రమం ఆశయం. కాని అరగంటలో బొంత పూర్తి కాదు. తెరమీద నిమిషంలో గడిచిపోయిన పని వెనుక కొన్ని వారాల శ్రమ ఉంటుంది. ప్రేక్షకుల కంటికి ఎన్నడూ కనిపించని కుట్టుపనివారు, దీపాలు సర్దేవారు, శబ్దం పట్టేవారు, గడియారం చూస్తూ వేళ్లు ఎత్తి మిగిలిన నిమిషాలు సూచించేవారు ఎందరో ఉంటారు. అమెరికాలో దాదాపు నాలుగున్నర దశాబ్దాలుగా ప్రజాదరణ పొందుతూ వస్తున్న బొంతల కార్యక్రమాల తెరవెనుక కథ ఇది. ఆ కథలో ముప్పైఅయిదేళ్లపాటు కెమెరా ముందు కూర్చున్న ఒక అసాధారణ వనిత కథ కూడా ఉంది.

మనకు తెలిసిన వస్తువే

అమెరికావారు క్విల్ట్ అని పిలిచేది మనకు కొత్త వస్తువేమీ కాదు. పాత చీరలనూ పంచెలనూ ఒకదానిమీద ఒకటి పరచి, చిన్న చిన్న వరసకుట్లతో కలిపి కుట్టిన బొంతలో పడుకోని బాల్యం మన పల్లెల్లో అరుదు. బెంగాలులో దానిని కాంథా అంటారు. పాత చీర అంచులనుంచి లాగిన రంగుదారాలతోనే దానిమీద పూలూ పక్షులూ కుడతారు. బీహారులో సుజనీ అంటారు. కర్ణాటకలో ఉత్తర కన్నడ అడవి ప్రాంతాల్లో నివసించే సిద్దీ స్త్రీలు కవంది అనే బొంతను అంచునుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ నడిమికి కుట్టుకుపోతారు. చివరకు నాలుగు మూలలా మడిచిన చిన్న ముక్కలను పువ్వుల్లా అమర్చనిదే ఆ బొంత పూర్తయినట్లు వారు ఒప్పుకోరు.

అమెరికన్ బొంతకు మూడు పొరలు. ముక్కలు అతికిన పైపొర, నడుమ దూది పొర, అడుగున ఆధారంగా ఒక గుడ్డ. ఈ మూడింటినీ కలిపి కుట్టే కుట్టే అసలు "క్విల్టింగ్". ఆ కుట్టు పడిన చోట గుడ్డ అణగి, పక్కన దూది ఉబికి, బట్టమీద ఎత్తుపల్లాల చిత్రం ఏర్పడుతుంది.

ఈ కళతో తెలుగు తీరానికి పాత బంధుత్వం కూడా ఉంది. పదిహేడు, పద్దెనిమిది శతాబ్దాలలో మచిలీపట్నంవంటి కోరమండల్ రేవులనుంచి చేతి అద్దకపు బట్టలు ఐరోపాకు ఓడల్లో వెళ్లేవి. చిరివేరు ఎరుపు ఎన్ని ఉతుకులకూ చెక్కుచెదరకపోవడం చూసి అక్కడివారు ఆశ్చర్యపోయారు. తమ నేతగాండ్ల జీవనోపాధికి ముప్పు వస్తుందని ఇంగ్లండు 1700లోను, మళ్లీ 1721లోను చట్టాలు చేసి ఆ వస్త్రాలకు అడ్డుకట్ట వేయవలసివచ్చింది. ఖరీదైన ఆ బట్ట చినుగు పట్టినా పారవేయడానికి మనసొప్పేది కాదు. అందుచేత ఇంగ్లండులోను, తరువాత అమెరికాలోను ఇల్లాండ్రు అద్దకపు గుడ్డలోని పూలనూ, పక్షులనూ, చెట్లనూ కత్తెరతో జాగ్రత్తగా కత్తిరించి, తెల్లని గుడ్డమీద అతికి కుట్టి బొంతలు చేసికొన్నారు. ఈనాడు మ్యూజియంలలో అద్దాల వెనుక ఉన్న అటువంటి కొన్ని బొంతలలోని పూలు మన తీరంలోనే పూచాయి.

అమ్మమ్మ లేని లోటు

బొంత కుట్టడం పూర్వం ఎవరూ తరగతిగదిలో నేర్చుకొన్న విద్య కాదు. అమ్మమ్మ కుడుతూ ఉంటే మనుమరాలు సూదిలోకి దారం ఎక్కించి ఇచ్చేది. ఇరుగుపొరుగు స్త్రీలు ఒకచోట చేరి పెద్ద చట్రం చుట్టూ కూర్చుని, కబుర్లు చెప్పుకొంటూ ఒకే బొంతను కుట్టేవారు. రెండవ ప్రపంచయుద్ధం తరువాత కర్మాగారపు దుప్పట్లు చవక అయ్యాయి. స్త్రీలు ఉద్యోగాలకు వెళ్లసాగారు. కుటుంబాలు వేరు వేరు ఊళ్లకు చెదరిపోయాయి. మనుమరాలు ఉంది, గుడ్డ ఉంది, మిషను ఉంది. చెయ్యి పట్టుకొని నేర్పే అమ్మమ్మ మాత్రం దగ్గర లేదు.

సరిగ్గా ఆ కాలంలోనే బొంతలమీద దేశానికి కొత్త మోజు పుట్టింది. 1971లో న్యూయార్కులోని విట్నీ మ్యూజియం పాత అమెరికన్ బొంతలను మంచాలమీదనుంచి లేపి, ఆధునిక వర్ణచిత్రాలవలె తెల్లని గోడలమీద వేలాడదీసింది. చూడవచ్చినవారు విస్తుపోయారు. పేరైనా తెలియని పల్లెటూరి స్త్రీలు గీతలతోను, చదరాలతోను, రంగులతోను ఎంతటి కళ సాధించారో అప్పుడు నగరానికి తెలిసింది. 1976లో అమెరికా స్వాతంత్ర్య ద్విశతాబ్ది ఉత్సవాలు జరిగినప్పుడు పూర్వుల చేతిపనులమీద మమకారం మరింత పెరిగింది. 1979లో జపానుకు చెందిన ఓల్ఫా సంస్థ గుండ్రని చక్రపు కత్తిని విపణిలో పెట్టింది. దానితో గుడ్డను నాలుగైదు మడతలు వేసి ఒక్క ఊపులో కోయవచ్చు. కత్తెరతో పూటంతా పట్టే పని గంటలో తెమలసాగింది.

నేర్చుకోవాలనే తహతహ ఉంది, సాధనం వచ్చింది. నేర్పేవారి స్థానాన్ని టెలివిజన్ ఆక్రమించింది. ఉత్తర కెరొలీనాలో జార్జియా బోన్‌స్టీల్ అనే ఆమె పెద్ద చట్రంతో పని లేకుండా ఒడిలో పెట్టుకొని కుట్టే పద్ధతిని ప్రజా ప్రసార కేంద్రం ద్వారా నేర్పి పేరుపొందింది. తరువాత ఎలినార్ బర్న్స్, ఐయోవాకు చెందిన మేరియన్ ఫాన్స్, లిజ్ పోర్టర్‌ల జంట, ఆలెక్స్ ఆండర్సన్ వంటివారు ఇంటింటికీ పరిచితులయ్యారు. వీరందరిలోను దీర్ఘకాలం నిలిచిన పేరు నాన్సీ జీమన్. మన దేశంలో దూరదర్శన్ రంగులు దిద్దుకొన్న 1982లోనే ఆమె "సూయింగ్ విత్ నాన్సీ" కార్యక్రమం ఆరంభమైంది. 2017 వరకు ముప్పైఅయిదేళ్లు సాగి, అమెరికా ప్రజా టెలివిజన్ చరిత్రలో కుట్టుపని కార్యక్రమాలన్నిటిలోను ఎక్కువకాలం నడిచినదిగా పేరుపొందింది.

కెమెరా ఒప్పుకోని ముఖం

నాన్సీ 1953లో పుట్టింది. విస్కాన్సిన్ రాష్ట్రంలో విన్‌కోనీ అనే ఊరి దగ్గర పాడి పశువుల కమతంలో పెరిగింది. ఏడాదిన్నర వయసులో వచ్చిన జబ్బువల్ల ఆమె ముఖంలో ఒకవైపు నరాలు చచ్చుపడ్డాయి. వైద్యులు దీనిని బెల్స్ పాల్సీ అంటారు. పెద్దలలో ఇది చాలామందికి కొన్ని నెలల్లో నయమవుతుంది. నాన్సీకి నయం కాలేదు. ఒక కన్ను, నోటి ఒక కొస క్రిందికి వాలి అలాగే నిలిచిపోయాయి. నవ్వితే సగం ముఖమే నవ్వేది.

బడిపిల్లల లోకంలో అటువంటి ముఖంతో తిరగడం ఎంత కష్టమో చెప్పనక్కరలేదు. పల్లెపిల్లలకు వ్యవసాయం, పశుపోషణ, ఇంటిపనులు నేర్పే ఫోర్-హెచ్ సంఘంలో చేరి ఆమె కుట్టుపని నేర్చుకొంది. అక్కడ ఎవరూ ముఖం చూసి మార్కులు వేయరు. కుట్టు తిన్నగా ఉందా లేదా అన్నదే లెక్క. ఆ విద్యనే తరువాత విస్కాన్సిన్ విశ్వవిద్యాలయపు స్టౌట్ శాఖలో పట్టాదాకా చదివింది. 1979లో కుట్టుపనికి కావలసిన చిన్న చిన్న సామగ్రిని టపా ద్వారా పంపే వ్యాపారాన్ని ఇంట్లోనే ప్రారంభించింది. బీవర్ డామ్ అనే చిన్న పట్టణంలో అది పెరిగి పెద్ద సంస్థ అయింది.

ఆ తరువాత మూడేళ్లకు కెమెరా ఆమె ముందుకు వచ్చింది. టెలివిజన్ అందమైన ముఖాలను కోరే యంత్రం. దీపాలు, ముస్తాబు, కోణాలు అన్నీ ముఖాన్ని తీర్చడానికే ఉన్నాయి. చిన్ననాటినుంచి ఛాయాచిత్రం తీయించుకోవడానికి సైతం జంకే కారణం ఉన్న స్త్రీ, లక్షలమంది చూసే తెరమీద వారం వారం కనిపించడానికి ఒప్పుకోవడం సామాన్యమైన సాహసం కాదు. ప్రేక్షకులకు మొదట కనబడింది ఆమె ముఖమే. కాని నిమిషం గడిచేసరికి వారి చూపు ఆమె చేతులమీదికి దిగేది. అక్కడే నిలిచిపోయేది. తడబాటు లేని ఆ వేళ్లు, ఎదుట కూర్చున్న ఒక్కరితో మాట్లాడుతున్నట్లుండే ఆ గొంతు ప్రేక్షకులను కట్టిపడేశాయి. తరువాతి కాలంలో ఆమె తన ముఖం సంగతి దాచుకోకుండా చెప్పింది. 2014లో వెలువడిన ఆత్మకథ "సీమ్స్ అన్‌లైక్లీ"లో రాసింది.

అరగంట వెనుక అసలు లెక్క

ఇక స్టూడియోలోకి తొంగిచూద్దాం. కుట్టుపని చిత్రీకరణలో మొదటి రహస్యాన్ని ఆ వృత్తివారు "స్టెప్ అవుట్" అంటారు. అంటే పని ఏ అంచెలో ఎలా ఉంటుందో చూపే నమూనా. వంట కార్యక్రమంలో పిండి కలిపి పొయ్యిమీద పెట్టగానే మరో పొయ్యిమీదనుంచి ఉడికిన వంటకాన్ని తీసినట్లు, ఇక్కడ కూడా ప్రతి అంచెకు ఒక నమూనాను ముందుగానే కుట్టి ఉంచుతారు. ఒక చదరం కుట్టడంలో ఆరు అంచెలు ఉంటే ఆరు నమూనాలు కావాలి. మొదటిదానిలో ముక్కలు కోసి ఉంటాయి. రెండవదానిలో ఒక కుట్టు పడి ఉంటుంది. మూడవదానిలో కుట్టు విప్పదీసి ఇస్త్రీ చేసి ఉంటుంది. ఆపైన పూర్తయిన చదరం ఒకటి. కెమెరా ముందు నిజంగా కుట్టడానికి ఒకటి. పొరపాటు జరిగితే ఆదుకోవడానికి మరొకటి. అభ్యాసానికి ఇంకొకటి. ప్రేక్షకుడు ఒక చదరం చూశాననుకొంటాడు. బల్ల కింద పెట్టెలో తొమ్మిదీ పదీ ఉంటాయి.

ఇవన్నీ ఒకే గుడ్డతో, ఒకే రంగుతో ఉండాలి. లేకపోతే ఒక్క క్షణంలో గుడ్డ రంగు మారినట్లు కనబడి ప్రేక్షకుడి నమ్మకం సడలిపోతుంది. ఒకే పేరుతో అమ్మే గుడ్డ అయినా ఒక విడత అద్దకానికీ మరొక విడతకూ ఛాయలో తేడా ఉంటుంది. కనుక గుడ్డ కొనేటప్పుడే నమూనాలకు, గోడమీద వేలాడే బొంతకు, పొరపాట్లకు కలిపి లెక్క వేసికోవాలి. నడిమధ్య గుడ్డ చాలక దుకాణానికి పరుగెత్తితే ఆ విడత అప్పటికే అమ్ముడయిపోయి ఉండవచ్చు.

రెండవ రహస్యం రంగులది. ఇంటిలో కుట్టేటప్పుడు గుడ్డ రంగుకు సరిపోయే దారం వేయడం మంచి పనివాడి లక్షణం. కెమెరా ముందు అదే దోషం. తెల్లగుడ్డమీద తెల్లదారం ఎవరికీ కనబడదు. అందుచేత తెరమీద నేర్పే కుట్టు తరచు లేతగుడ్డమీద ముదురు దారంతో ఉంటుంది. కుట్టులో ఏ చిన్న వంకర ఉన్నా అది దాగదు. అంటే నేర్పే మనిషి తన పనిలోని తప్పును దాచుకొనే వీలును ముందుగానే వదులుకొంటుందన్నమాట. పాత వీడియో కెమెరాలకు మరికొన్ని బలహీనతలుండేవి. మచ్చలేని తెలుపు దీపాల వెలుగులో జ్వలించి అంచులు కరిగిపోయేవి. చిక్కని ఎరుపు తన గీత దాటి పక్కకు పాకేది. సన్నని చారలగుడ్డ తెరమీద అలలవలె కదలాడి కళ్లు తిప్పేది. బజారులో మనసు దోచిన గుడ్డ స్టూడియోలో పనికిరాకుండా పోయేది.

మూడవది చేతుల సమస్య. నేర్పేవారు మనకు ఎదురుగా కూర్చుంటే వారి కుడిచేయి మనకు ఎడమవైపు కనబడుతుంది. కబుర్లకు అది అడ్డం కాదు. సూదిపనికి మాత్రం అన్నీ తారుమారవుతాయి. కనుక ముఖాన్ని చూపే కెమెరా ఒకటి ఎదురుగా ఉంటే, కుట్టును చూపే కెమెరా తలపైనుంచో, భుజం మీదుగానో క్రిందికి చూస్తుంది. అప్పుడు తెరమీద చేతులు ప్రేక్షకురాలి చేతులవలెనే అమరుతాయి. అమ్మమ్మ ఒడిలో కూర్చున్న పిల్లకు పని ఏ వైపునుంచి కనబడేదో సరిగ్గా ఆ వైపునుంచే కనబడుతుంది. ఎంతో యంత్రసామగ్రితో సాధించేది చివరకు ఆ ఒడినే.

అంత దగ్గరనుంచి చూసే కెమెరా ముందు వేలు కొద్దిగా వణికితే కొమ్మ ఊగినట్లుంటుంది. వేలు సూదికి అడ్డం వస్తే పాఠమంతా వేలి వెనుక దాగిపోతుంది. చెయ్యి మామూలు వేగంతో కదిలితే చూపు అందుకోలేదు. కనుక చెయ్యి నెమ్మదిగా, కొలత ప్రకారం కదలాలి. నోరు మాత్రం మామూలుగా మాట్లాడుతున్నట్లే ఉండాలి. రెంటినీ వేరు వేరు తాళాల్లో నడపడం మృదంగం వాయిస్తూ పాట పాడడం వంటిది.

శబ్దానికీ తిప్పలే. మిషను తిరిగితే మాట వినబడదు. మాట ముగించి కుడితే కాలం వృథా అవుతుంది. అందువల్ల రెండంగుళాలు కుట్టి, ఆగి, ఒక మాట చెప్పి, మళ్లీ రెండంగుళాలు కుట్టడం అలవాటు చేసికొంటారు. ఇస్త్రీపెట్టె బల్లమీద వేడిగా సిద్ధంగా ఉండాలి. మాటల సందడిలో దానిని గుడ్డమీద మరచిపోతే వారంరోజుల పని మాడి మసి అవుతుంది. సరిగ్గా కెమెరా దగ్గరకు వచ్చిన క్షణంలోనే బాబిన్‌లో దారం అయిపోవడం మరో విధివిలాసం. కొందరు అటువంటి తప్పును కోసి పారవేయకుండా ఉంచుతారు. నేర్పే మనిషికి కూడా దారం తెగుతుందని చూసినప్పుడు నేర్చుకొనే మనిషికి ధైర్యం వస్తుంది.

వీసమెత్తు తప్పు

బొంతకు అందం రంగులవల్ల వస్తుంది. నిలకడ లెక్కవల్ల వస్తుంది. అమెరికన్ పద్ధతిలో రెండు ముక్కలు కలిపి కుట్టేటప్పుడు ప్రతి ముక్క అంచునుంచి పావు అంగుళం లోపలికి కుట్టు పడాలి. పావుకు వీసం ఎక్కువైతే ఏమవుతుంది? అంగుళంలో పదహారవ వంతు వీసం. ఒక కుట్టులో రెండు ముక్కలూ వీసం చొప్పున పోతే మొత్తం పరక అంగుళం, అంటే ఎనిమిదవ వంతు, పోతుంది. పదహారు ముక్కల వరసలో పదిహేను కుట్లు. పదిహేను పరకలు కలిస్తే దాదాపు రెండు అంగుళాలు. కంటికి ఆనని తప్పు వరస ముగిసేసరికి రెండు వేళ్ల వెడల్పు వెలితి అవుతుంది. ఆ వరసను పక్క వరసతో కలపబోతే ఒక్క మూలా కలవదు.

పుస్తకంలో ఈ లెక్కను ఎన్ని పుటల్లో రాసినా, ఒకసారి తెరమీద రెండు వరసలను పక్క పక్కన పెట్టి చూపితే పడినంత ముద్ర పడదు. అందుకే మంచి కార్యక్రమాలలో సరైన నమూనాలతోపాటు కావాలని తప్పుగా కుట్టిన నమూనా కూడా ఒకటి తయారుచేస్తారు. తప్పును శ్రద్ధగా, సరైన కొలతతో కుట్టడం ఈ వృత్తిలోని విచిత్రాలలో ఒకటి.

నాన్సీ బోధనలోని కిటుకు కూడా పనిని చిన్నదిగా చేయడమే. ఉద్యోగం, పిల్లలు, వంట ఉన్న స్త్రీకి నాలుగు గంటల తీరిక ఒకేసారి దొరకదు. పది నిమిషాలు దొరుకుతాయి. పది, ఇరవై, ముప్పై నిమిషాల తునకలుగా కుట్టుపనిని ఎలా విభజించుకోవచ్చునో చెబుతూ 1992లో ఆమె ఒక పుస్తకమే వెలువరించింది. కాలాన్ని కూడా ఆమె గుడ్డముక్కల్లాగే అతికింది. ప్రతి కార్యక్రమం చివర కుట్టుపనితో సంబంధమున్న ఒక వ్యక్తిని పరిచయం చేసే భాగం ఉండేది. సూదితో ఇతరులకు మేలు చేస్తున్న మామూలు మనుషులకు అక్కడ చోటు దొరికేది.

గోడమీది బొంత

మంచంమీది బొంతను చిత్రించడం ఒక పని. గోడమీది వస్త్రకళను చిత్రించడం మరొక పని. ఇందులో మొదటి పాఠం వెలుగుది. దీపాన్ని ఎదురుగా పెడితే రంగులు స్పష్టంగా కనబడతాయి, కాని కుట్లు మాయమవుతాయి. దూది ఉబ్బు, కుట్టు పల్లం రెండూ చదునై అచ్చుగుడ్డలాగా తోస్తుంది. దీపాన్ని పక్కకు జరిపి ఏటవాలుగా వెలుగు పడేటట్లు చేస్తే ప్రతి కుట్టు పక్కన ఒక సన్నని నీడ పుడుతుంది. సాయంకాలపు ఎండలో దుక్కిచేను చూసినట్లు బొంత ఒక్కసారిగా ప్రాణం పోసికొంటుంది.

రెండవ పాఠం దూరానిది. అలబామా రాష్ట్రంలో జీస్ బెండ్ అనే మారుమూల పల్లెలో నల్లజాతి స్త్రీలు తరతరాలుగా పాత పనిబట్టలతో బొంతలు కుట్టుకొంటూ వచ్చారు. చలిని తట్టుకోవడానికే కుట్టుకొన్న ఆ బొంతలు 2002లో హ్యూస్టన్ మ్యూజియంలోను, ఆపైన విట్నీలోను ప్రదర్శితమైనప్పుడు కళావిమర్శకులు వాటిని ఇరవయ్యవ శతాబ్దపు మేటి చిత్రాల సరసన నిలిపారు. 2006లో అమెరికా తపాలా శాఖ వాటి బొమ్మలతో బిళ్లలు వెలువరించింది. ఆ బొంతలలో ఒకదానిని దూరంనుంచి చూస్తే ఆధునిక వర్ణచిత్రం. కెమెరా దగ్గరకు జరిగితే పొలంలో ఏళ్ల తరబడి మోకాళ్లు ఆనించి అరగిపోయిన లాగు గుడ్డ. జేబు కుట్టు విప్పిన చోట ఎండకు వెలవని ముదురు నీలం. దూరపు చూపులో కళ, దగ్గరి చూపులో జీవితం. రెండూ చూపనిదే ఆ చిత్రీకరణ పూర్తికాదు.

కొన్ని బొంతలు ఏ స్టూడియోలోను ఇమడవు. 1987 అక్టోబరులో వాషింగ్టన్ మహానగరపు మైదానంలో ఎయిడ్స్ వ్యాధితో మరణించినవారి స్మృత్యర్థం ఒక బొంతను పరిచారు. ఒక్కొక్క ఫలకం మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు. సుమారు ఒక సమాధి కొలత. ఆనాడు 1,920 ఫలకాలు పచ్చికమీద పరచుకొన్నాయి. ఎత్తునుంచి తీసిన చిత్రాలలో అది రంగుల పొలంలాగా కనబడుతుంది. క్రిందికి దిగిన కెమెరాకు ఒక తల్లి తన కొడుకు పేరును ఒక్కొక్క అక్షరంగా కుట్టిన తీరు కనబడుతుంది. దేశం మాట్లాడడానికి సంకోచించిన దుఃఖాన్ని సూదీ దారం మాట్లాడాయి.

చివరి కుట్టు

2017లో నాన్సీ జీమన్ తాను ఎముకల కాన్సరుతో బాధపడుతున్నాననీ, కార్యక్రమంనుంచి విరమిస్తున్నాననీ తన ప్రేక్షకులకు తెలియజేసింది. అదే సంవత్సరం నవంబరు 14న, అరవైనాలుగవ ఏట, కన్నుమూసింది. ఆమె ముఖం చూసి కెమెరా తిప్పుకొంటుందని ఒకప్పుడు ఎవరైనా అనుకొని ఉంటే, ఆ కెమెరా ముప్పైఅయిదేళ్లు ఆమెమీదనుంచి చూపు తిప్పలేదు.

ఆమె, విస్కాన్సిన్ ప్రజా టెలివిజన్ కలిసి 2005లో మాడిసన్ నగరంలో ఒక బొంతల ప్రదర్శన ప్రారంభించారు. పేరు మారినా అది కొనసాగుతూ వచ్చింది. ఆ ప్రదర్శనకు వచ్చినవారు అక్కడికక్కడే మిషన్లముందు కూర్చుని అక్కరలో ఉన్నవారికోసం బొంతలు కుట్టి ఇచ్చే ఏర్పాటు కూడా జరిగింది. ఏ తెరమీదా కనబడకుండా, ఎవరి పేరూ రాకుండా కుట్టిన ఆ బొంతలు ఎవరి చలినో కాస్తాయి.

ఈనాడు నేర్పేవారికి పెద్ద స్టూడియో అక్కరలేదు. 2008లో మిస్సోరీ రాష్ట్రపు హామిల్టన్ అనే చిన్న ఊరిలో ఒక కుటుంబం పెట్టిన దుకాణంనుంచి జెన్నీ డోన్ అనే తల్లి యూట్యూబ్‌లో పాఠాలు చెప్పి, ప్రపంచమంతటా శిష్యులను సంపాదించింది. చేతిలోని ఫోను కెమెరాను ఒక కడ్డీకి తగిలించి బల్లమీదికి వంచితే చాలు, ఎవరైనా నేర్పవచ్చు. కాని తక్కిన నియమాలేవీ మారలేదు. నమూనాలు ముందే కుట్టుకోవాలి. దారం కనబడే రంగులో ఉండాలి. వెలుగు పక్కనుంచి పడాలి. కెమెరా నేర్చుకొనేవారి వైపునుంచి చూడాలి.

మన ఇళ్లలో పెట్టెల అడుగున మడతపెట్టి ఉన్న బొంతలకు ఇటువంటి భాగ్యం పట్టలేదు. ఏ చీర ఏ పెళ్లినాటిదో, ఏ ముక్క ఎవరి చొక్కాలోనిదో చెప్పగల చేతులు ఇంకా కొన్ని ఇళ్లలో ఉన్నాయి. కళ్లు మసకబారినా సూది పట్టుకోగానే ఆ వేళ్లు తమ దారి తామే వెదుక్కొంటాయి. మనవడి చేతిలో కెమెరా ఉంది. అది పండుగలను, విందులను, వానలను ఎన్నిటినో చిత్రిస్తూనే ఉంది. ఒక మధ్యాహ్నం అమ్మమ్మ పక్కన చాపమీద కూర్చుని, భుజం మీదుగా ఆ చేతులవైపు దానిని తిప్పితే అరగంట చాలు. ఆ అరగంటలో బొంత పూర్తి కాకపోవచ్చు. ఎలా మొదలుపెట్టాలో మాత్రం తరువాతి తరానికి తెలుస్తుంది.